రెండోసారి అడగనివాళ్ళు

పలక మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడితే కాపడం పెట్టించుకున్నట్టు ఉంటుంది. అలివేణి రోజూ ప్రయోగశాలకు రాగానే చేసే మొదటి పని అదే. పాతకాలపు భోషాణం అంత ఉంటుంది పలక. నడుమెత్తు, కాటుక రంగు, ఒంటిమీద ఒక్క గీత ఉండదు. ఆ వెచ్చదనం మోచేతుల దాకా పాకుతుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. ఆ నెలలో ఆమెకు నిద్ర చాలిన రోజు ఒక్కటీ లేదు. ఎంతసేపు పడుకున్నా, లేచేసరికి ఎవరో తనచేత మూటలు మోయించినట్టే ఉండేది.

“కాపడం అయిందా, కొత్త పెళ్ళికూతురా? నా టీ చల్లారిపోతోంది” అన్నారు వెనకనుంచి డాక్టర్ విక్టర్ గారు. ఆ ప్రయోగశాలకు పెద్ద ఆయన. టీ గ్లాసును పలక నెత్తిన పెట్టి వెచ్చగా ఉంచుకోవడం ఆయన అలవాటు. బయటివాళ్ళు వచ్చినప్పుడు మాత్రం మానేస్తారు.

“పెళ్ళై నాలుగు నెలలైందండీ. ఇంకా కొత్తేంటండీ!”

“తొలి ఆవకాయ పెట్టిందాకా కొత్తేనమ్మా. ఎంతుంది ఇవాళ?”

అలివేణి గోడమీది తెరకేసి చూసింది. “నాలుగువేల నూట పన్నెండు.”

“పొద్దున్న తొమ్మిదింటికే!” అని నిట్టూర్చి, గ్లాసు పలక మీద పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయారాయన.

నాలుగువేల నూట పన్నెండు పనులు పలక ముందు వరసలో నిలబడి ఉన్నాయన్నమాట.

ఇదివరకటి యంత్రాల్లో దాచేది ఒకటి, ఆలోచించేది ఇంకొకటి. ధాన్యం గాదెలో ఉంటుంది, మిల్లు పక్క ఊళ్ళో ఉంటుంది. ప్రతి గింజనూ బండికెత్తి మిల్లుకు తోలి, బియ్యం మళ్ళీ బండికెత్తి తెచ్చుకోవాలి. రాజమహేంద్రవరంలోని ఈ ప్రయోగశాల వాళ్ళు గాదెలోనే రోళ్ళు పెట్టారు. పలకలో రెండు కోట్ల మంది స్కానింగు బొమ్మలున్నాయి. ఒక్కటీ గడప దాటదు. ఎక్కడో ఒక నర్సు తన చేతిలోని పరికరంతో ఒక కడుపును స్కాన్ చేసి పంపితే, పలక ఆ బొమ్మను ఆ రెండు కోట్లతో అక్కడికక్కడే పోల్చి, ‘భయం లేదు’ అనో ‘వెంటనే ఆసుపత్రికి చేర్చండి’ అనో కాగితం పంపుతుంది. ఆ కాగితం ఎంత నమ్మకంగా ఉండేదంటే, రెండేళ్ళు తిరిగేసరికి అది లేనిదే రోగిని ముట్టుకునే డాక్టరు లేకుండా పోయాడు.

అయితే గాదె ఎంత పెద్దదైనా రోళ్ళు పదహారే. దంచమని వచ్చేవాళ్ళు వేలు. ఎవరిది ముందు?

మొదట్లో, ఎవరిది అత్యవసరమో వాళ్ళనే రాయమన్నారు. నెల తిరిగేసరికి నూటికి తొంభైయేడు అత్యవసరాలే వచ్చాయి. పంటి నొప్పీ అత్యవసరమే, గేదె చూడూ అత్యవసరమే. తరవాత సిఫారసులు మొదలయ్యాయి. ‘మా బావమరిది ఆసుపత్రండీ, కాస్త ముందుకు జరపండి’ అని ఫోన్లు. అప్పుడు అలివేణే పట్టుబట్టి వరసకు తాళం వేయించింది. ముగ్గురు అధికారులు కలిసి మూడు తాళంచెవులు తిప్పితే తప్ప ఎవరూ ఎవర్నీ వరసలో ముందుకు జరపలేరు; పేరు తీసెయ్యడానికి మాత్రం తాళం అక్కర్లేదు. ఆ తరవాత, చీటీలు చూడకుండా మనుషుల నడత చూసి నేర్చుకునే ఉపాయం ఒకటి పలకకు నేర్పింది. నిజంగా ప్రాణం మీదికొచ్చినవాడు ఊరుకోడు. మళ్ళీ అడుగుతాడు. పది నిమిషాలకోసారి అడుగుతాడు. ఎవరు ఎంతసేపటికి మళ్ళీ అడుగుతున్నారో పలక గమనిస్తుంది. దాన్ని బట్టి ఎవరికెంత ఓపిక ఉందో అంచనా వేసుకుంటుంది. ఓపిక లేనివాళ్ళను ముందుకు పిలుస్తుంది.

‘అడగనిదే అమ్మయినా పెట్టదు కదా సార్’ అందామె ఆ రోజు. విక్టర్ గారు బల్ల చరిచి నవ్వారు. పెద్దాసుపత్రుల్లో ఎదురుచూపు పంతొమ్మిది గంటల నుంచి రెండు గంటలకు దిగింది. ఆమెకు శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పుడు ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉంటుంది. అంత మెత్తటి గుడ్డ ఇంకోటి దొరకలేదు మరి.

ఆ మంగళవారం పదిన్నరకు గేటు దగ్గర్నుంచి ఫోను వచ్చింది. “అమ్మా, ఎవరో కొండమీంచి నర్సమ్మగారు వచ్చారండి. లోపలికి రానంటన్నారు, ఒక్క మాట చెప్పి ఎల్లిపోతానంటన్నారు.”

గేటు పక్క సిమెంటు అరుగు మీద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. పిక్కల దాకా ఎర్రమట్టి. ఒళ్ళో తువ్వాలుతో, దానిమీద పాలిథిన్ సంచీతో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టిన టాబ్లెట్టు. అలివేణిని చూడగానే గబుక్కున లేచి నిలబడింది.

“నమస్కారవండి. పల్లాల వెంకాయమ్మనండి. మారేడుమిల్లి దాటాక జాజిగుమ్మని ఉందండి, అక్కడ సిస్టర్నండి. మీ పని పాడుచేస్తన్నానేమో.”

“అదేం లేదండీ, చెప్పండి.”

“మా పేషెంటొకావిడి పేరు మీ వరసలో ఉందండి. కత్తుల లచ్చమ్మని. తీసేయించుకుందావని వచ్చానండి.”

“ఎందుకండీ తీసెయ్యడం?”

“మనిషి లేదండి” అంది వెంకాయమ్మ. “శుక్రారం పోయిందండి. కడుపులో బిడ్డతోటే. మరి ఆవిడి వంతు ఇంకోళ్ళకి పనికొత్తాది కదండీ. మాది ఊరికే అడ్డం ఎందుకని.”

రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళింది.

“ఇది చెప్పడానికే అంత దూరం నుంచి వచ్చారా?”

“నిన్న పొద్దుటే దిగానండి. సందేశం పెడితే మళ్ళీ అడుగుతున్నట్టు ఉంటాదేవోనని.”

“ఎప్పుడు పంపారు మీరు?”

“పంతొమ్మిది రోజులైందండి.”

“పంతొమ్మిది రోజులా! మరి ఒక్కసారైనా ‘మళ్ళీ అడుగు’ మీట నొక్కకపోయారా అండీ? నొక్కితే ముందుకొచ్చేది.”

వెంకాయమ్మ ఆమెకేసి వింతగా చూసింది. “ఒకసారి ఇన్నారు కదండీ మీరు?”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అలివేణి ఆవిడను చెయ్యి పట్టుకుని క్యాంటీనుకు తీసుకెళ్ళింది. టీ తెప్పించింది. టీ తాగుతూ వెంకాయమ్మే చెప్పుకొచ్చింది. జాజిగుమ్మిలో సిగ్నలు ఉండదు. గంటసేపు ఎక్కితే ఒక బండ వస్తుంది. దాన్ని ఫోనుబండ అంటారు. అక్కడ నిలబడి చెయ్యి పైకెత్తితే బొమ్మ వెళుతుంది.

“బండకేవుందిలెండి, రోజూ ఎక్కుతాను. అదిగాదు. మా వాళ్ళు దేన్నీ రెండుసార్లు అడగరండి. ఒకసారి అడిగాక మళ్ళీ అడిగితే, ‘నువ్వు ఇని కూడా పెట్టలేదు’ అని ఎదటోళ్ళ మొహమ్మీద అన్నట్టండి. ఇంట్లో అన్నవైనా అంతే. ఇంటికొచ్చినోడు అడిగిందాకా ఉంటే ఆ ఇంటోళ్ళకి సిగ్గుచేటు. అందుకని, పెట్టేవోళ్ళ పరువు తీయకూడదని, అడిగినోడే ఊరుకుంటాడు. నేను ముప్పయ్యేళ్ళ బట్టీ అక్కడే ఉండి నాకూ అదే అలవాటైపోయింది.”

అలివేణి ఫోను తీసి పలక నేర్చుకున్న పట్టిక తెరిచింది. జాజిగుమ్మి పేరు వెతికింది. ‘ఓపిక: నూటికి నూరు.’ ఇంత మంచి మార్కులు ఏ ఊరికీ లేవు. పలక వాళ్ళను ఎంతగానో మెచ్చుకుని, అందరికంటే అడుగున కూర్చోబెట్టింది.

“ఇంకెవరిదైనా ఉందా అండీ మీ ఊరి నుంచి?”

“ఉందండి. కోటమ్మని. తొమ్మిదో నెల. పన్నెండు రోజులైంది పంపి.” గొంతు తగ్గించింది. “బొమ్మలో బిడ్డ మాయ కిందికి దిగి, దారికడ్డంగా ఉన్నట్టు అనిపిస్తందండి నాకు. మొన్న కాస్త ఎరుపు కూడా కనపడిందంది. కింద డాక్టరుగారితో చెప్తే, పలక కాగితం వచ్చాక చూద్దాం అన్నారు. నేను సిస్టర్నే కదండీ, నా కంటికేం ఇలువుంటాది.”

అలివేణి విక్టర్ గారి గదిలోకి దాదాపు పరుగెత్తింది. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి, ముక్కు మీది గుంటలు నొక్కుకున్నారు.

“మూడు తాళంచెవులమ్మా. ఒకటి నా దగ్గరుంది. ఒకాయన హైదరాబాదులో. ఇంకొకాయన కూతురి పెళ్ళిలో ఉన్నాడు. గురువారానికి గానీ ముగ్గురం కలవం.”

“ఆవిడకు నొప్పులు గురువారం దాకా ఆగుతాయా సార్?”

“తాళం వెయ్యమన్నదే నువ్వు” అన్నారాయన. కోపం లేదు గొంతులో, అలసట ఉంది. “నేనొద్దన్నాను కూడా.”

ఇక మిగిలిన దారి ఒక్కటే. అందరూ చేసేదే. మళ్ళీ అడగడం.

దానికీ అలివేణే ముళ్ళకంచె వేసి ఉంచింది. పది నిమిషాల్లోపు ఎన్నిసార్లు నొక్కినా పలక ఒక్కసారిగానే లెక్కపెడుతుంది. పంపిన టాబ్లెట్టు నుంచే నొక్కాలి, పంపినవాళ్ళ బొటనవేలే పడాలి.

“నేనడగనండి” అంది వెంకాయమ్మ. “మీరే అడగండి.”

“నా వేలు పనిచెయ్యదండీ.”

“ఇన్నిసార్లు అడిగితే ఏవనుకుంటారండీ!”

“అనుకోవడానికి అక్కడ మనిషి లేడండీ. యంత్రం.”

వెంకాయమ్మ టాబ్లెట్టు అందుకుంది. “మరైతే దాని ముందుకెళ్ళి అడుగుతానండి. చాటుగా అడగడం మరీ బాగోదు.”

అలా ఆవిడను లోపలికి తీసుకొచ్చింది అలివేణి. వెంకాయమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. పలకను ఎగాదిగా చూసి, నెత్తిన ఉన్న టీ గ్లాసును చూసి, “ఓస్, ఇదేనా” అనుకుంది. తరవాత దానికి నమస్కారం పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని, బొటనవేలు నొక్కింది.

“ఏవీ అనుకోమాకండి” అని పలకతో నెమ్మదిగా అంది.

కోటమ్మ వంతు నాలుగువేల పదహారు నుంచి మూడువేల తొమ్మిదివందల చిల్లరకు వచ్చింది. అంతే. పది నిమిషాలు ఆగారు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ మొహం తిప్పుకుంది. ఐదోసారికి చెవులు ఎర్రబడ్డాయి. తొమ్మిదోసారికి, “మా అమ్మ చూస్తే చీపురు తిరగేసేది” అని తనలో తను నవ్వుకుంది. ఆ నవ్వు చూసి అలివేణికి ఏడుపొచ్చినంత పనైంది.

“ఇలా మనం ముందుకెళ్తే ఎవరో వెనక్కెళ్తారు కదండీ?” అని అడిగింది వెంకాయమ్మ.

“వెళ్తారు.”

“ఆళ్ళకీ తొందరేనేమో.”

అలివేణి తెరకేసి చూస్తోంది. కాకినాడలో ఒక గుండె, ఏలూరులో ఒక మెదడు, ఒక్కొక్కటీ ఒక్కో మెట్టు దిగుతున్నాయి. వాటి వెనకాల కూడా ఎవరో ఒకరు వేలు నొక్కుతూనే ఉన్నారు. పదహారు రోళ్ళు. అందరివీ ప్రాణాలే.

ఒంటిగంటకు డబ్బా తెరిచి ఇద్దరూ పంచుకున్నారు. చిక్కుడుకాయ కూర. మూత తియ్యగానే వెంకాయమ్మ పరిశీలనగా చూసింది. “ఆరే కాయలున్నాయేంటండీ?”

“మా ఆయన పండించాడండీ, మేడ మీద కుండీలో. మొత్తం కాపు అంతే.” అలివేణికి చెప్తుంటే నవ్వొచ్చింది. ముకుంద్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. నెల కిందట పాదుకు తొలి పువ్వు పూసినప్పుడు, ‘మేడెక్కి ఒకసారి చూద్దువుగాని రా’ అని పిలిచాడు. వస్తానంది. అప్పుడే అత్తగారి ఫోను. ఆవిడ రోజుకు ఏడుసార్లు చేస్తారు, కాబట్టి ఏడుసార్లూ సమాధానం దొరుకుతుంది. తరవాత పలక పని. తరవాత నిద్ర. ముకుంద్ మళ్ళీ పిలవలేదు. ఈ పొద్దున్న డబ్బా చేతికిస్తూ, ‘పువ్వు చూళ్ళేదుగా, కూర తిను’ అన్నాడు, పెద్ద జోకు వేసినట్టు కళ్ళెగరేసి. ఆమె కూడా నవ్వేసి బస్సెక్కింది.

ఇప్పుడు ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“తినండి, చల్లారిపోతాది” అంది వెంకాయమ్మ. “కారం సరిపోయింది. మంచోడేనండి మీ ఆయన.”

రెండున్నరకు, ఇరవై రెండోసారి నొక్కాక, టాబ్లెట్టు టింగుమంది. ఇద్దరూ ఒక్కసారే వంగారు.

‘కత్తుల లచ్చమ్మ. వయసు ఇరవై రెండు. బిడ్డకు రక్తం సరిగా అందడం లేదు. తల్లికి ప్రమాదం. పది రోజుల్లోగా ఆసుపత్రిలో చేర్చండి.’

పంతొమ్మిది రోజుల కిందట అడిగిన దానికి సమాధానం.

అలివేణి తల పట్టుకుంది. ఆవిడ వచ్చింది ఈ పేరు తీసేయమని చెప్పడానికి. హడావిడిలో తను అది ఒక్కటే చెయ్యలేదు. ఒక టాబ్లెట్టు ఆత్రపడుతోందని తెలియగానే పలక ఆ టాబ్లెట్టు పనులన్నిటినీ ముందుకు లాక్కుంది. అందులో పాతది లచ్చమ్మది. లేని మనిషి కోసం నలభై నిమిషాలు రోళ్ళు దంచాయి. ఆ నలభై నిమిషాలు ఉన్న మనిషివి.

“నాది తప్పండీ” అంది. “మీరు చెప్పారు. నేను తీసెయ్యలేదు.”

వెంకాయమ్మ ఆ కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతోంది. పెదవులు కదులుతున్నాయి. “పది రోజులున్నాయంటండి” అంది చివరికి. “డోలీ కట్టి మోసినా ఒక్క పూట పని.” కొంగుతో తెర తుడిచి, ఈసారి మొహం తిప్పుకోకుండా, పలకకేసి సూటిగా చూస్తూ బొటనవేలు నొక్కింది. గట్టిగా నొక్కింది.

మూడూ పదికి కోటమ్మది వచ్చింది. ‘మాయ దారికి పూర్తిగా అడ్డుంది. నొప్పులు మొదలవకముందే ఆపరేషన్ చెయ్యగల ఆసుపత్రికి చేర్చండి. ఆలస్యం వద్దు.’

‘ఆలస్యం వద్దు’ అనే మాట పలక చేత పలికించిందీ అలివేణే. ఏడాది కిందట, వాక్యం కాస్త మర్యాదగా ఉండాలని ఎంతో ఆలోచించి రాసింది.

విక్టర్ గారు తన జీపు తాళాలు డ్రైవరు చేతికిచ్చారు. కొండ కింద రోడ్డు ఆఖర్న ఉన్న బడ్డీకొట్టుకు ఫోను చేస్తే, కొట్టాయన తన తమ్ముణ్ణి జాజిగుమ్మికి నడిపిస్తానన్నాడు. డోలీ కట్టి రోడ్డుదాకా దించుతారు. అక్కడ జీపు ఉంటుంది. వెంకాయమ్మ టాబ్లెట్టును మళ్ళీ తువ్వాలులో చుట్టి జీపెక్కింది. ఎక్కాక తల బయటికి పెట్టింది.

“ఇన్నిసార్లు అడిగానని ఏవీ అనుకోకండి.”

జీపు మలుపు తిరిగేదాకా అలివేణి గేటు దగ్గరే నిలబడింది.

లోపలికి వచ్చాక విక్టర్ గారి ఎదురుగా కూర్చుంది. ఆయన ముందు జాబితా పెట్టింది. ఒకే ఒక్కసారి అడిగి, వారం దాటినా మళ్ళీ అడగనివాళ్ళు. ఆరువందల పన్నెండు మంది.

“ఓపిక లెక్క తీసేద్దాం సార్.”

“తీసేస్తే?” అన్నారాయన. “పంతొమ్మిది గంటలు మళ్ళీ వస్తాయి. పొద్దున్న కాకినాడ గుండె ఎందుకు ముందుకొచ్చింది? ఒక తండ్రి వేలు అరిగేలా నొక్కాడు కాబట్టి. అతను అబద్ధం చెప్పలేదు కదమ్మా. అతన్ని వెనక్కి పంపుతావా?”

“పంపలేను.”

“మరి?”

“గురువారం నాలుగు రోళ్ళు అడుగుదాం. పదహారులో నాలుగు, ఒకసారే అడిగినవాళ్ళకి. ఎవరెంత గొడవ చేసినా ఆ నాలుగూ ముట్టుకోకూడదు.”

“అడుగుదాం. ఇస్తారనుకుంటాను. మరి గురువారం దాకా?”

అలివేణి జాబితాకేసి చూసింది. వీళ్ళలో ఎవరికి ఇంకా అవసరమో, ఎవరికి తీరిపోయిందో పలకకు తెలియదు. అది వాళ్ళ నిశ్శబ్దాన్ని ఓపిక అనుకుంది. తెలుసుకునే దారి ఒకటే ఉంది.

“రెండోసారి అడగాల్సింది వాళ్ళు కాదు సార్, మనం. ఫోన్లు చేస్తాను.”

“ఆరువందల పన్నెండూనా?”

“మూడువందల ఆరు. మిగతా సగం మా ఆయన చేస్తాడు. ఇంకా అడగలేదనుకోండి.”

ఇంటికెళ్ళి చెప్పగానే ముకుంద్ మారు మాట్లాడకుండా భోజనాల బల్ల తుడిచి, రెండు ఫోన్లూ ఛార్జింగు పెట్టి, జాబితాను రెండుగా చించాడు. సాయంత్రం ఆరింటి నుంచి మొదలుపెట్టారు. మధ్యలో అలివేణి ఫోను పక్కన పెట్టి అడిగింది.

“చిక్కుడు పువ్వు చూడమని మళ్ళీ ఎందుకు పిలవలేదు నువ్వు?”

“పిలిచాగా ఒకసారి” అన్నాడతను, జాబితాలోంచి తలెత్తకుండా. “నువ్వు విన్నావు. ఇంక పదేపదే ఏంటని.”

ఆమె లేచి వెళ్ళి అతని భుజం మీద గడ్డం ఆనించి కాసేపు నిలబడింది. ఎందుకో అతనికి అర్థం కాలేదు గానీ కదలకుండా కూర్చున్నాడు. అతనికి అలాంటివి ఇష్టం.

సిగ్నలు లేని ఊళ్ళకు కొట్టువాళ్ళ ద్వారా, కండక్టర్ల ద్వారా కబురు చేశారు. కొందరు ఎత్తగానే భయపడ్డారు, మేమేం తప్పు చేశామని. ఒకాయన, “గేదె ఈనేసిందండి, పెయ్యదూడండి, నల్లగా నిగనిగలాడతంది, చూత్తారా?” అని వీడియో కాల్లోకి రమ్మన్నాడు. ముకుంద్ చూశాడు కూడా. ఒక ముసలాయన, “ఇంకా కావాలా అంటారేంటండీ, ఇంకా ఉన్నాన్నేను!” అని గట్టిగా నవ్వి దగ్గాడు. ఆయన పేరు పక్కన ముకుంద్ రెండు గీతలు గీశాడు. కావాలన్న ప్రతి పేరునూ అలివేణి విక్టర్ గారికి పంపుతోంది. ఆయన ఆ పేర్లను కింది డాక్టర్లకు ఫోను చేసి, పలక కాగితం లేకపోయినా మీ కళ్ళతో చూడండయ్యా అని బతిమాలుతున్నారు. కొందరు చూస్తామన్నారు. కొందరు, ‘కాగితం పంపండి చాలు’ అన్నారు.

కొన్ని ఫోన్లు మాత్రం చాలా చిన్నవి. “అక్కర్లేదండి.” అంతే. అటువైపు వాళ్ళే, “ఉంటామండి” అనేవాళ్ళు.

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి, వాళ్ళు మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాక, వెంకాయమ్మ ఫోను చేసింది. కింద ఆసుపత్రి వరండాలోంచి.

“ఆపరేషన్ అయిపోయిందండి. దారిలోనే కాస్త రక్తం పోయిందిగానీ తల్లి తెలివిలోనే ఉంది. పిల్లోడు రెండు కేజీలా ఏడొందలు.”

“ఏడ్చాడా అండీ?”

“ఏడవకేవండీ! డాక్టరుగారు చెవులు మూసుకున్నారు.” వెంకాయమ్మ నవ్వింది. తరవాత ఆ నవ్వు ఆగిపోయింది. “అమ్మా, మరి లచ్చమ్మ పేరు తీసేశారాండీ?”

“ఇప్పుడే తీస్తానండీ.” ప్రమాదమని కాగితం వెళ్ళినవాళ్ళను, ఆసుపత్రిలో చేర్చామని కబురొచ్చేదాకా పలక రెండో చూపు కోసం వరసలోనే ఉంచుతుంది; లచ్చమ్మ పేరు ఇంకా అక్కడే ఉంది.

ముకుంద్ అప్పటికే ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. జాబితాలో ‘అక్కర్లేదు’ అన్నవాళ్ళు అప్పటికి నలభై ఒక్కమంది. వాళ్ళ పనులు వరసలోంచి తీసెయ్యాలంటే పలక కారణం అడుగుతుంది. కారణం ఎంచుకోకపోతే తియ్యదు. అతను చదివాడు. “పొరపాటున పంపారు. రెండుసార్లు పంపారు. అవసరం తీరింది. ఈ మూడే ఉన్నాయి. అవసరం తీరింది అని పెట్టనా?”

“వద్దు” అంది అలివేణి.

కుర్చీ దగ్గరకు లాక్కుంది. వరసకు మూడు తాళాలున్నాయి గానీ, ఈ చిన్న పత్రానికి తాళం లేదు. దీన్ని ఎవరూ అంత పెద్ద విషయంగా అనుకోలేదు. నాలుగో గడి ఒకటి కలిపి, అందులో ఏం రాయాలో కాసేపు చూస్తూ ఉండిపోయింది. ఈసారి మర్యాద వాక్యాలేవీ తోచలేదు. ‘మేము ఆలస్యం చేశాం’ అని రాసింది.

విక్టర్ గారికి తన తెర మీద ఆ మార్పు కనిపించినట్టుంది, వెంటనే ఫోను చేశారు. “ఇది పైవాళ్ళందరూ చదువుతారమ్మా. ఎప్పటికీ చెరగదు కూడా.”

“తెలుసు సార్.”

“సరే. కింద నా పేరు కూడా పెట్టు” అని పెట్టేశారాయన.

కత్తుల లచ్చమ్మ పేరు ఎదురుగా నాలుగో గడి నొక్కింది అలివేణి. కింద ఇద్దరి పేర్లూ రాసింది. పేరు వరసలోంచి వెళ్ళిపోయింది. వెనకవాళ్ళందరూ ఒక్కో మెట్టు ముందుకు జరిగారు.

“తర్వాతిది చదవనా?” అన్నాడు ముకుంద్.

“నెమ్మదిగా చదువు” అందామె. “పూర్తి పేరు చదువు.”